లాభం నుంచి ఏడు దాకా

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటింది. కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, డాక్టరు చదవొద్దు, రాయొద్దు అన్నారు. అందుకే ఇంత ఆలస్యం. ఇంకో మాట, నన్ను మేడమ్ అనకు. మా వీధిలో పిల్లలంతా మామ్మగారూ అంటారు, నువ్వూ అలాగే పిలు.

నువ్వు పంపిన కథల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు డైరీ. రోజూ పడుకోబోయే ముందు కృతజ్ఞత చెప్పుకోవాల్సిన మూడు విషయాలు రాసుకోమని ఎవరో చెబితే మొదలుపెట్టానన్నావు. "అమ్మానాన్నలకి థాంక్స్, ఆరోగ్యానికి థాంక్స్, ఈ అందమైన రోజుకి థాంక్స్" అని ఇరవై రోజులు రాసి, ఇరవై ఒకటో రోజున విసుగొచ్చి మానేశావు. "నాలో అసలు కృతజ్ఞతే లేదేమో" అని బాధపడ్డావు కూడా. విసుగు రాకపోతేనే నేను భయపడేదాన్ని. ఒకే వాక్యం ఇరవై రోజులు రాసి విసుగు పుట్టని మనిషి కథలేం రాస్తుంది?

కృతజ్ఞత అనేది పుస్తకాల మాట. మా ఇంట్లో ఎవరి నోటా విన్లేదు. కొబ్బరి దింపు తీసేవాళ్లకి మా అమ్మ ఏనాడూ థాంక్స్ చెప్పి ఎరగదు. చెట్లు దిగొచ్చాక చద్దన్నంలో గడ్డపెరుగు వేసి, మాగాయ టెంక పక్కన పెట్టేది. వెళ్లేటప్పుడు రెండు కాయలు చేతికిచ్చేది. పెద్ద మేలు చేసినవాళ్ల గురించి మాత్రం "వాళ్ల రుణం తీర్చుకోలేం" అనేది. అప్పు భాషలోనే మాట్లాడేది, గమనించు. అయినా ఆ సంస్కృత మాటని విప్పి చూస్తే అదీ అంత డాంబికమైనదేం కాదు. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే ఎరిగిన మనిషి. చేసిన పనిని ఎరిగి ఉండటమే కృతజ్ఞత. ఎవరు చేశారు, ఏం చేశారు, అది చేయడానికి వాళ్లు ఏం వదులుకున్నారు, ఇవన్నీ ఎరగాలి. నీ "అందమైన రోజు"ని ఎవరు చేశారమ్మా? ఎరగవు కాబట్టే విసుగొచ్చింది.

మా నాన్నగారు రైసు మిల్లులో గుమస్తా. రాత్రి భోజనాలయ్యాక లాంతరు దగ్గర కూర్చుని మా ఇంటి చిట్టా కూడా రాసుకునేవారు. ఎడమ వైపు జమ, కుడి వైపు ఖర్చు. నేను పక్కనే పడుకుని పాళీ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. ఆయన వెంట కళ్లాల దగ్గరికి కూడా వెళ్లేదాన్ని. ధాన్యం కొలిచే మనిషి మొదటి కుంచానికి ఒకటి అనడు, "లాభం" అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. ఆరు దాటాక ఏడు అనడు. "ఆరున్నొక్కటి" అంటాడు. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని, గింజల దగ్గర ఆ మాట రానివ్వరు. ఇది నీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీ తాతగారిని అడుగు, ఇంకా బాగా చెబుతారు.

నాన్నగారు పోయాక ట్రంకుపెట్టె తీస్తే ఆయన ఆఖరి చిట్టాలో చివరి పేజీలు వేరుగా కనిపించాయి. పైన "ఇవ్వవలసినవి" అని ఉంది. అంకెలు మాత్రం లేవు. "1986 ఆగస్టు. లంకలోంచి పెద్దమ్మాయిని పిల్లలతో సహా పడవ మీద తెచ్చినతను. డబ్బు తీసుకోలేదు." ఆ ఏడాది ధవళేశ్వరం దగ్గర గోదారి వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది, నది మధ్య లంకల్లో ఇళ్ల కప్పులు మాత్రమే కనపడ్డాయి. దాని గురించి ఆయన ఒక్క ముక్క రాయలేదు. "డబ్బు తీసుకోలేదు" అని రాశారు. నేను ఆ వరద మీద పన్నెండు పేజీల కథ రాశాను. ఆ రెండు మాటల ముందు నా పన్నెండు పేజీలు ఎందుకూ పనికిరావని ఆ రోజు తెలిసింది. ఇంకో పేజీలో "ఎదురింటివారు, పాలు, నలభై రోజులు" అని ఉంది. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన "వారమ్మాయి పెళ్లికి బియ్యం 2 బస్తాలు" అని రాశారు. తీరిన బాకీ అది ఒక్కటే.

కృతజ్ఞత డైరీ అంటే నాకు ఆ పేజీలే. ఎవరో తెలిసుండాలి. పేరు తెలియకపోతే మనిషి ఆనవాలైనా ఉండాలి. మన గోదారి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహం లేని పెద్ద ఊరు ఉందా? 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు, మన తాతముత్తాతలు అన్నం తిన్నారు. ఇప్పటికీ మే 15న ఆయన పుట్టినరోజుకి దండలు వేస్తాం. వేయాల్సిందే. కానీ ఆ రాళ్లు మోసినవాళ్లలో ఒక్కరి పేరైనా నీకు తెలుసా? నాకూ తెలియదు. అంత వెనక్కి ఎందుకు, మీ ఊరి లాకుల దగ్గర అర్ధరాత్రి వానలో తలుపులెత్తే లస్కరు పేరు తెలుసా? దొరకి విగ్రహం ఉంది. లస్కరుకి నీ నోట్‌బుక్ ఉండాలి.

ఈ రకం రాత మనకి కొత్తదీ కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకి ఏం దొరుకుతుంది, ఎక్కడ నీళ్లు బాగుంటాయి అని రాస్తూ పోయారు. ఆయన భక్తి గొప్పదే, కానీ రెండు వందల ఏళ్ల తర్వాత నన్ను కూర్చోబెట్టి చదివించేవి ఆ నీళ్ల సంగతులే.

రోజూ రాయాలా అన్నావు. అక్కర్లేదు. మా మనవరాలు సైకాలజీ చదువుతోంది. దానికి నీ ఉత్తరం చదివి వినిపిస్తే లెక్చరిచ్చింది. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెక్‌కల్లా అనే ఇద్దరు 2003లో ఒక పరిశోధన అచ్చువేశారట. అందులో ఒక ప్రయోగంలో కాలేజీ పిల్లల్ని మూడు జట్లు చేసి పది వారాలు రాయించారు. ఒక జట్టు కృతజ్ఞతగా అనిపించినవి, ఒక జట్టు చిరాకు పెట్టినవి, ఒక జట్టు ఊరికే జరిగినవి. వారానికి ఒక్కసారి, అయిదుకి మించకుండా. మొదటి జట్టు వాళ్లు తమ బతుకు మీద కాస్త ఎక్కువ తృప్తిగా ఉన్నారు, ఒంట్లో బాగోలేదనడం తగ్గింది. తర్వాత సోన్యా ల్యుబోమిర్‌స్కీ అనే ఆవిడ, ఆవిడతో పాటు మరికొందరు, వారానికి ఒకసారి రాసేవాళ్లనీ మూడుసార్లు రాసేవాళ్లనీ పోల్చి చూస్తే, ఒక్కసారి రాసినవాళ్లకే గుణం కనిపించిందట. ఎక్కువసార్లు రాస్తే అలవాటైపోయి రుచి పోతుంది కాబోలు. రోజూ పూతరేకులు తింటే కాగితం నమిలినట్టే ఉంటుంది.

కాబట్టి వారానికి ఒక పూట చాలు. నేను ఆదివారం మధ్యాహ్నం రాస్తాను, ఇంట్లో అందరూ కునుకు తీసే వేళ.

ఇక ఏడు సంగతి. ఇదే అసలు కష్టం. కళ్లంలో ఏడు అనకూడదు, సరే. డైరీలో ఆరున్నొక్కటి అనకూడదు.

1996 నవంబరు 6న తుపాను వచ్చింది, దీపావళికి నాలుగు రోజుల ముందు. నువ్వప్పటికి పుట్టలేదేమో. తెల్లారి చూస్తే మా తోటలో నిలబడి ఉన్న చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వారం నా డైరీలో "దేవుడి దయవల్ల ప్రాణాలతో బయటపడ్డాం" అని ఉంది. నిజమే. "పక్కింటావిడ అరసీసా కిరసనాయిలు ఇచ్చింది, వాళ్లింట్లో దీపం ఆర్పేసి" అని కూడా ఉంది. అది ఇంకా మంచి నిజం. లేనిదల్లా ఒకటి. మూడో రోజున అదే పక్కింటావిడ బియ్యం అడగడానికి వచ్చింది. మా అటక మీద ఒక బస్తా పొడిగా ఉంది. "మొత్తం తడిసిపోయాయండీ" అన్నాను. ఆవిడ "అయ్యో" అని నన్నే ఓదార్చి వెళ్లిపోయింది.

ఇది రాయడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. ఒక్క లైను. రాసిన రాత్రి నిద్రపట్టలేదు, పైగా కడుపులో తిప్పింది. మనవరాలు దీనికీ ఒక పేరు చెప్పింది, జేమ్స్ పెన్నిబేకర్ అని. 1986లో ఆయన వేసిన పరిశోధనలో విద్యార్థులు తమని బాధపెట్టిన సంఘటన గురించి వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట చొప్పున రాశారట. రాసిన వెంటనే మనసు ఇంకా పాడైంది, కానీ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. కనుక రాయగానే తేలికపడలేదని టెన్షన్ పడకు. ఒకవేళ మరీ మింగుడుపడని సంగతి అయితే పుస్తకం మూసేసి ఎవరైనా మనిషితో మాట్లాడు. పుస్తకం తిరిగి "అయ్యో" అనదు.

ఏడు రాసేటప్పుడు "నేనెందుకిలా చేశాను" అని మొదలెట్టకు. ఎందుకు అన్నామంటే చాలు, మనలోని ప్లీడరు లేచి నిలబడతాడు. పిల్లలున్నారు, రేపేం తింటామో తెలియదు, అందరూ అంతే. నా దగ్గర అటువంటి వాదనలు ఎనిమిదేళ్ల సరుకు ఉంది. ఏం చేశాను, ఏం అన్నాను, ఎదుటి మనిషి మొహం ఎలా ఉంది, అక్కడితో ఆపు. నిన్ను నువ్వు తిట్టుకోవడం కూడా ఒక రకం సోకే. "నేనొక నీచురాలిని" అని రాస్తే పేజీ నిండుతుంది, అటక మీది బస్తా కనపడదు.

పుస్తకం గురించి అడిగావు. కొత్త సంవత్సరానికి పంచే తారీఖుల డైరీ వద్దు. రాయని రోజులు ఖాళీగా కనిపించి దెప్పుతాయి. రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం కొనుక్కో. నాన్నగారి పద్ధతిలో నేను ఎడమ పేజీ జమకి వాడతాను, నాకు వచ్చినవి. కుడి పేజీ నేను ఇచ్చినవి, ఇవ్వాల్సి ఉండీ ఎగ్గొట్టినవి. కుడి పేజీ ఎప్పుడూ సగం ఖాళీయే. అడుగున కాలం సంగతి ఒక లైను రాస్తాను. కాలవలకి నీళ్లు ఎప్పుడు కట్టేశారు, ఎప్పుడు వదిలారు, గోదాట్లోకి ఎర్రనీరు ఏ తారీఖున దిగింది. నలభై ఏళ్ల తర్వాత ఆ లైనే మిగతా పేజీని లేపి కూర్చోబెడుతుంది. ఫోన్‌లో రాస్తానంటే నీ ఇష్టం, నాకు చేతకాదు.

ఎవరైనా చదివేస్తే? చదువుతారు. మా అత్తగారు ఒకసారి చదివారు. "పులుసులో ఉప్పు ఎక్కువేశానని రాశావుట?" అని రెండు రోజులు మాట్లాడలేదు. అదే పేజీలో, నాకు టైఫాయిడ్ వస్తే ఆవిడ రాత్రంతా తడిగుడ్డ మార్చారని రాశాను. అది ఆవిడకి కనపడలేదు. కనపడినా ఒప్పుకునే మనిషి కాదనుకో. అప్పట్నుంచి బియ్యండబ్బా వెనకాల దాచాను.

ఒక్క హెచ్చరిక చేయాలి. డైరీలోది ఎత్తి కథలో పెట్టకు. నీ రెండో కథలో ఆ పని చేశావు, నాకు తెలిసిపోయింది. బస్సులో జరిగింది జరిగినట్టు దింపేశావు. డైరీలో మనిషిని మర్చిపోకుండా ఉండటానికి రాస్తాం. కథలో ఆ మనిషికి వేరే ఊరు, వేరే గొంతు ఇవ్వాలి. నా బియ్యం బస్తా ఒక కథలో ఉంది. అందులో బియ్యమూ లేవు, తుపానూ లేదు. ఏ కథో నీకు చెప్పను.

మొదటి కథ, మూడో కథ బాగున్నాయి. మూడోదాంట్లో వలుపు చేసే ఆవిడ సాయంత్రం చేతులకి నూనె రాసుకునే చోటు నాకు కళ్లకి కట్టింది. దాని గురించి కింద ఇంకొంచెం ఉంది.

మొన్న ఆదివారం పేజీ నీ కోసం ఎత్తి రాస్తున్నాను.

లాభం: నరసాపురం రేవులో పంటు కదలబోతోంది. ముసలావిడ వస్తోందని కేకేసి ఆపించాడు అరటిగెలల కుర్రాడు. ఒక గెల జరిపి నేను కూర్చోడానికి చోటిచ్చాడు. సఖినేటిపల్లి చేరాక సంచీ గట్టు దాకా తెచ్చాడు. పేరు అడగలేదు. ఎడమ కనుబొమ మీద గాటు.

రెండు: పక్కింటి కోడలిని సూదిలో దారం ఎక్కించమన్నాను. ఎక్కించింది. అడగకుండానే ఇంకో నాలుగు సూదులకి కూడా ఎక్కించి గుడ్డకి గుచ్చి పెట్టింది.

మూడు: కాలవకి నీళ్లు వచ్చాయి. ముందు చెత్తా చెదారం, వెనకాల నీళ్లు. లస్కరు గెడకర్రతో ఖానా దగ్గర చెత్త లాగుతూ మధ్యాహ్నం దాకా ఎండలోనే ఉన్నాడు.

మధ్యలోవి నీకక్కర్లేదు. కుడి పేజీలోది మాత్రం చదువు.

ఏడు: ఆ అమ్మాయి ఉత్తరానికి ఇంకా జవాబు రాయలేదు. డాక్టరు చదవొద్దన్నది వారం రోజులే. ఆ నూనె రాసుకునే చోటు చదివి కాగితాలు అలమర్లో పెట్టేశాను. నలభై ఏళ్లుగా ఆ చేతుల్ని చూస్తున్నాను, నాకు తట్టలేదు.

ఉంటాను,
మామ్మ