వేషధారి, పాత్రధారి, శరీరధారి

సందేహం: మా సంఘ యువకులు ప్రదర్శించబోయే సిలువ నాటకానికి నేను కరపత్రం రాశాను. అందులో నటుల పేర్లకు ముందు ‘యేసు వేషధారి’, ‘పేతురు వేషధారి’ అని ఉంచాను. సంఘ పెద్ద ఒకరు చూసి, ప్రభువు పేరు పక్కన ఆ మాట ఉండరాదన్నారు. ముందుమాటలోని ‘దేవుడు మానవ వేషం ధరించి వచ్చాడు’ అన్న వాక్యాన్నీ, నాటకంలో వ్యాఖ్యాత చెప్పే ‘ఒకే దేవుడు తండ్రిగా, కుమారుడుగా, పరిశుద్ధాత్మగా మూడు పాత్రలు పోషించాడు’ అన్న వాక్యాన్నీ కొట్టివేశారు. బైబిలులోనే ‘శరీరధారియై’ అని ఉన్నది కదా! అదే ‘ధారి’ ఒకచోట ఒప్పు, మరొకచోట తప్పు ఎలా అవుతుంది? ‘అవతారం’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: ఆ పెద్దాయన చెప్పిన మూడు అభ్యంతరాలూ సరైనవే. అయితే మొదటిది కేవలం వాడుకకు సంబంధించింది. తక్కిన రెండూ విశ్వాస సిద్ధాంతం దాకా వెళ్తాయి. కనుక వాటిని విడివిడిగానే చూడాలి.

‘ధారి’ అన్నది సంస్కృతంలోని ‘ధృ’ ధాతువు నుంచి వచ్చింది. పట్టుకొనడం, మోయడం, నిలుపుకొనడం ఆ ధాతువుకు అర్థాలు. జటాధారి, దండధారి, సూత్రధారి అన్న సమాసాలలో దానికి సొంతంగా మంచీ లేదు, చెడూ లేదు. ముందున్న పదం ఏ రంగు తెస్తే ఆ రంగే సమాసమంతటికీ పట్టుకుంటుంది. అందుచేత మీ ప్రశ్నకు జవాబు ‘ధారి’లో కాక ‘వేషం’లో వెతకాలి.

‘వేషం’ తెలుగులో విచిత్రమైన మాట. ఏకవచనంలో అది నిర్దోషి. ‘మా తమ్ముడు నాటకంలో రాజు వేషం వేశాడు’ అంటే ఎవరూ తప్పుపట్టరు. బహువచనంలోకి మారగానే ‘వాడు వేషాలు వేస్తున్నాడు’ అన్న నింద అవుతుంది. ‘నాటకం ఆడారు’, ‘నాటకాలు ఆడుతున్నారు’ అన్న వాక్యాల మధ్య ఉన్న తేడా కూడా ఇదే. ‘వేషధారి’ వ్యాకరణానికి ఏకవచనమే అయినా, నేటి వాడుకలో ఆ బహువచనపు నిందనే మోస్తున్నది. ఆ నింద స్థిరపడడంలో తెలుగు బైబిలుకు పెద్ద పాత్రే ఉన్నదని నా అభిప్రాయం. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో ‘అయ్యో, వేషధారులైన శాస్త్రులారా, పరిసయ్యులారా’ అన్న పిలుపు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఆ వాక్యాలు వింటూ పెరిగిన పాఠకుడు మీ కరపత్రంలో ‘యేసు వేషధారి’ అని చూస్తే ఉలిక్కిపడడం సహజం.

ఇక్కడ అనువాదకుల నేర్పును మెచ్చుకోకుండా ముందుకు సాగలేను. ఆ చోట గ్రీకు మూలంలో ఉన్న మాట ‘హుపొక్రితేస్’. ప్రాచీన గ్రీకులో అది రంగస్థల నటుడి పేరు. ‘కపటి’ అనో ‘దొంగభక్తుడు’ అనో అనువదించినా నింద తెలుగులోకి వచ్చేది. రంగస్థలం మాత్రం వచ్చేది కాదు. ‘వేషధారి’ రెండింటినీ తెచ్చింది. మత్తయి 6వ అధ్యాయం మొదటి వచనంలో, మనుష్యులకు ‘కనబడవలెనని’ నీతికార్యాలు చేయవద్దని ఉన్నది కదా. అక్కడి గ్రీకు క్రియ, ‘థియేటర్’ అన్న మాటకు మూలమైన గ్రీకు పదం, ఒకే ధాతువుకు చెందినవి. ఆ వెంటనే వచ్చే వేషధారులు వీధి మూలల్లో నిలబడి ప్రార్థన చేస్తారు. చూసేవారు ఉండడం వల్లనే వారి ప్రార్థన సాగుతున్నది. నిందంతా ఆ ప్రేక్షకాపేక్ష మీదనే.

రంగస్థలం మీది నటుడు ఆ కోవకు చెందడు. తాను పేతురు కాడని అతనికి తెలుసు, చూసేవారికీ తెలుసు. ఎవరూ మోసపోవడం లేదు. కనుక అతనికి ‘పాత్రధారి’ అన్న పేరే తగినది. ‘యేసు పాత్రధారి’ అనవచ్చు. ‘యేసు పాత్రలో’ అని రాసి నటుడి పేరు వేస్తే ఇంకా హాయిగా ఉంటుంది. నేరవార్తలలో ‘సూత్రధారులు, పాత్రధారులు’ అన్న జంట తరచుగా వినిపిస్తున్నా, నాటక సందర్భంలో ఆ మచ్చ అంటదు. పైగా ‘పాత్ర’కు గిన్నె అన్న అర్థమూ, యోగ్యత అన్న అర్థమూ ఉన్నాయి, పాత్రత, అపాత్రదానం అన్న మాటలు రెండో అర్థం నుంచి వచ్చినవే. ‘మంటి ఘటములలో ఈ ఐశ్వర్యము మాకు కలదు’ అని కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో పౌలు అంటాడు. ప్రభువు మాటలను తన గొంతుతో పలకవలసిన యువకుడికి, తాను ధరించిన ‘పాత్ర’ ఆ మంటి ఘటాన్ని గుర్తుచేస్తే మంచిదే. ఇది వ్యుత్పత్తి కాదు, నాకు తోచిన భావన మాత్రమే.

నటుడికి ఇంత చక్కగా అమరిన ‘పాత్ర’ దేవుడి విషయంలో ఎందుకు పనికిరాదో చూద్దాం. ఒక నటుడు మూడు పాత్రలు పోషించాడంటే, తెర వెనుక ఉన్నది ఒక్కడే, మార్చినవి దుస్తులు మాత్రమే అని అర్థం. మూడవ శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో ప్రచారమైన బోధ దాదాపు ఇదే. త్రిత్వాన్ని, అంటే ఒకే దేవుడిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న ముగ్గురు ఉన్నారన్న విశ్వాసాన్ని, ఒప్పుకొన్న సంఘం దానిని నిరాకరించింది. చిక్కు మాటల్లోనే మొదలైంది. లాటిన్‌లో ‘పెర్సోనా’, గ్రీకులో ‘ప్రొసొపోన్’ నటుడి ముఖతొడుగుకు కూడా పేర్లే. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కార్తేజి నగరంలో రచనలు చేసిన తెర్తుల్లియన్ రంగస్థల వినోదాలను తీవ్రంగా ఖండిస్తూ ఒక గ్రంథమే రాశాడు. త్రిత్వాన్ని వివరించవలసి వచ్చినప్పుడు ఆయనే ‘పెర్సోనా’ అన్న మాటను చేపట్టాడు. నాలుగవ శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిల్, మూడు ‘ముఖాలు’ అంటే చాలదని, ఒక్కొక్కరికీ నిజమైన ఉనికి ఉన్నదని చెప్పే మాట కూడా కావాలని పట్టుబట్టాడు. తెలుగు క్రైస్తవ రచనలలో ‘ముగ్గురు వ్యక్తులు’ అన్న వాడుక స్థిరపడింది. ముగ్గురు వేర్వేరు మనుషులన్న భ్రమ కలిగే ప్రమాదం దానిలోనూ ఉన్నా, ‘మూడు పాత్రలు’ కంటే అది ఎంతో మేలు. మీ నాటకంలో యేసు బాప్తిస్మం పొందే యొర్దాను నది దృశ్యం ఉంటే ఒకసారి గమనించండి: కుమారుడు నీళ్లలోంచి ఒడ్డుకు వస్తున్నాడు, ఆత్మ పావురమువలె దిగుతున్నది, ‘ఈయనే నా ప్రియకుమారుడు’ అన్న స్వరం ఆకాశం నుంచి వినిపిస్తున్నది. ఒక్క నటుడే మూడు పాత్రలూ కడితే ఈ దృశ్యాన్ని ఆడడం సాధ్యం కాదు. వ్యాఖ్యాత వాక్యాన్ని ఆ దృశ్యమే కాదంటున్నది.

‘మానవ వేషం’ అన్నది మరింత బరువైన పొరపాటు. వేషం అంటే లోపల ఉన్నవాడు వేరు, పైకి కనిపించేవాడు వేరు. క్రీస్తు మనిషిలా కనిపించాడే గాని నిజంగా మనిషి కాలేదన్న బోధ తొలి శతాబ్దాలలోనే తలెత్తింది. ‘కనిపించు, తోచు’ అన్న అర్థమున్న గ్రీకు క్రియ నుంచే దానికి డోసెటిజం అన్న పేరు వచ్చింది. రెండవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ దానిని గట్టిగా ఎదిరించాడు. 451లో జరిగిన కల్కెదోను సభ, క్రీస్తు సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని నిర్ధారించింది. సిద్ధాంతం అలా ఉంచి, మీ నాటకాన్నే తీసుకోండి. బావి దగ్గర అలసి కూర్చున్నదీ, లాజరు కోసం కన్నీళ్లు విడిచినదీ, సిలువ మీద ‘దప్పిగొనుచున్నాను’ అన్నదీ వేషమే అయితే, ఆ అలసట, ఆ కన్నీళ్లు, ఆ దాహం అన్నీ నటన అయిపోతాయి. అప్పుడు సిలువ నాటకం ప్రదర్శించవలసిన అవసరమే ఉండదు.

అలాగైతే ‘శరీరధారి’ మాత్రం దేహాన్ని పైవస్త్రంగా చూపించదా అన్న మీ సందేహం న్యాయమైనది. యోహాను సువార్తలో ‘ఆ వాక్యము శరీరధారియై’ అన్నచోట గ్రీకు మూలానికి ముక్కకు ముక్కగా అర్థం చెబితే ‘వాక్యము శరీరమాయెను’ అని వస్తుంది (అక్కడ ‘వాక్యము’ అంటే క్రీస్తే). తొడుక్కున్నాడని కాదు, అయినాడని. అయినా తెలుగు మాటను నేను సమర్థిస్తాను. తెలుగులో ‘ధరించు’ రెండు దారుల్లో నడుస్తుంది. కిరీటం ధరించడం, చీర ధరించడం పైపైన జరిగేవి, విప్పితే పోతాయి. ‘గర్భం ధరించడం’ అటువంటిది కాదు. అది లోపల మోయడం; మోసేవారి రక్తమాంసాలతో కలిసి సాగే పని. లూకా సువార్తలో దూత మరియతో ‘నీవు గర్భము ధరించి కుమారుని కని’ అంటాడు. మరియ గర్భం ధరించింది, వాక్యం శరీరం ధరించింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివితే ‘శరీరధారి’ ఏ దారికి చెందిన మాటో తెలుస్తుంది. ‘క్రీస్తును ధరించుకొనియున్నారు’ అని గలతీయులకు రాసినప్పుడు గ్రీకులో ఉన్నది వస్త్రం తొడుక్కొనే క్రియే. అయినా బాప్తిస్మం పొందినవారు పైపూత పూసుకోవాలన్న ఉద్దేశం పౌలుకు ఉండదు కదా!

‘అవతారం’ గురించి క్లుప్తంగా చెబుతాను. దిగిరావడం దాని అర్థం కనుక వ్యుత్పత్తి అనుకూలమే. ‘మనుష్యావతారం’ అని రాసేవారూ ఉన్నారు. కాని ఆ మాట వినగానే తెలుగువారికి ఒకదాని తరువాత ఒకటి వచ్చే అవతారాలు స్ఫురిస్తాయి. క్రీస్తు ‘ఒక్కసారే అర్పింపబడి’ అని హెబ్రీ పత్రిక నొక్కి చెప్పే విషయానికి అది అడ్డు. పైగా నిత్యవ్యవహారంలో ‘ఏమిటీ అవతారం?’ అంటే వింత వేషం అనే అర్థం. దూరంగా ఉంచాలనుకున్న ‘వేషం’ దగ్గరికే అది మిమ్మల్ని తిరిగి తెస్తుంది. వ్యాసంలోనైతే వివరణ జోడించి వాడవచ్చు. వివరించే చోటులేని కరపత్రంలో వద్దు. మీ ముందుమాట వాక్యాన్ని ‘ఆదియందున్న వాక్యమే శరీరధారియై, మనిషిగా పుట్టి, మనిషిగా మరణించాడు’ అని మార్చండి. అందులో ‘మనిషిగా’ రెండుసార్లు రావడం పునరుక్తి దోషమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.