టక్ టక్ ఎక్కడిది?

ప్రశ్న: మా బాబాయి 1967 ఎంజీబీ కారు నాకిచ్చిండు. స్టార్ట్ చేస్తే ఇంజన్ పైనుంచి టక్ టక్ చప్పుడు, వేడెక్కినా పోతలేదు. మెకానిక్ ఇంజన్ మొత్తం దించాలంటున్నడు. దించమంటరా అన్నా? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: అప్పుడే దించకు తమ్మీ. పొడుగు స్క్రూడ్రైవర్ కొన వాల్వ్ కవర్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి విను. (ఫ్యాన్ బెల్టు పక్కనే ఉంటది, చేతులు జాగ్రత్త.) చప్పుడు అక్కడే గట్టిగుంటే టాపెట్లే, అంటే వాల్వులను తెరిచే భాగాలు. కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే కిందినుంచి దబ్ దబ్ మంటే మాత్రం బిగ్ ఎండ్ బేరింగు (కనెక్టింగ్ రాడ్డు కింది కొనకుండే బేరింగు) పోయినట్టే. ఇగ నడపొద్దు.

టాపెట్ గ్యాప్ (వాల్వుకూ, దాన్ని నొక్కే రాకర్ అనే మీటకూ నడుమ సందు) చల్లటి ఇంజన్ మీద 0.015 అంగుళాలు, అంటే 0.38 మి.మీ. ఎనిమిదో వాల్వు పూర్తిగ తెరుసుకున్నప్పుడు ఒకటోది సెట్ చెయ్యి, ఏడోది తెరుసుకుంటే రెండోది. రెండు వాల్వుల నంబర్లు కూడితే ఎప్పుడూ తొమ్మిదే రావాలె.

అయినా చప్పుడు పోకుంటే రాకర్ కొన చూడు. వాల్వును తాకే చోట గోటికి తెలిసేంత గుంట పడి ఉంటది. ఫీలర్ గేజు (గ్యాప్ కొలిచే పలుచటి రేకు) ఆ గుంటల దిగదు, అంచుల మీదనే ఆగుతది. గేజు సరిగ్గనే చూపెడ్తది, అసలు గ్యాప్ ఎక్కువుంటది. ఎన్నిసార్లు సెట్ చేసినా అంతే! రాకర్లు, అవి ఎక్కి ఉండే షాఫ్టు మార్చుడే.

షాఫ్టు విప్పేటప్పుడు మాత్రం తొందరొద్దు. దాని నట్లల్ల నాలుగు హెడ్డును (వాల్వులుండే ఇంజన్ పై భాగాన్ని) కూడ పట్టుకుంటయి. ముందు రేడియేటర్ నీళ్లు తీసి, హెడ్ నట్లన్నీ కొద్దికొద్దిగ వదులు చెయ్యాలె. లేకుంటే హెడ్డు వంకరయితది. బిగిచ్చేటప్పుడు టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నవో చూపెట్టే పానా) వాడు, అందాజ పని చెయ్యదు.