పడటమా, చేసుకోవడమా, కలగడమా?

సందేహం: స్నేహితుల కోసం ‘బాబిలన్ 5’ అనే ఇంగ్లిష్ అంతరిక్ష కథల సీరియల్‌కు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. అందులో దుర్మార్గం చేసి తర్వాత మారే లండో మొలారీ గురించి ‘శాపవిమోచనం చేసుకున్నాడు’ అని రాస్తే మా అన్నయ్య నవ్వాడు. రిడెంప్షన్‌కు ఏ మాట వాడాలి? పశ్చాత్తాపమా, ప్రాయచ్ఛిత్తమా, విమోచనమా?

సమాధానం: మీ అన్నయ్యకు నవ్వు తెప్పించింది ‘చేసుకున్నాడు’ అయి ఉంటుంది. ఈ మాటల తేడా వాటి పక్కన చేరే క్రియలోనే తెలిసిపోతుంది. పశ్చాత్తాపం పడతాం, ప్రాయశ్చిత్తం చేసుకుంటాం, విమోచనం కలుగుతుంది. అహల్య శాపం తీరాలంటే రాముడు రావలసి వచ్చింది.

ఇంగ్లిష్ మాటకు లాటిన్‌లో మూలార్థం తిరిగి కొనడం. తాకట్టులో ఉన్న గొలుసును విడిపించడం లాంటిది. తెలుగు బైబిల్లో విమోచన, విమోచకుడు అన్నవి చక్కగా అతికాయి, అక్కడ విడిపించేవాడు ఉన్నాడు కనుక. లండోకు అలాంటివాడెవరు?

నార్న్ గ్రహం మీదికి అతడి జాతివాళ్లు అంతరిక్షం నుంచి బండలు విసురుతుంటే అతడు ఓడ కిటికీలోంచి చూస్తూ నిలబడతాడు. ఆ ముఖంలో కనిపించేది పశ్చాత్తాపానికి మొదలు. పశ్చాత్, తాపం: పని అయిపోయాక పుట్టే మంట. మంటైతే పుట్టింది గానీ, నోరు పెగలడానికి ఏళ్లు పట్టింది. 1998 నాటి అయిదో సీజన్‌లో గుండె జబ్బుతో స్పృహ తప్పి పడి ఉన్నప్పుడు, కలలో నార్న్ జాతివాడైన జికార్‌ను క్షమించమని అడిగితే గాని ప్రాణం కుదుటపడదు. అక్కడ ప్రాయశ్చిత్తం అనేయాలని మీకు చేయి దురద పుట్టవచ్చు, ఆగండి. ప్రాయమంటే తపస్సు, చిత్తమంటే నిశ్చయం అని పాతవాళ్లు అర్థం చెప్పారు. గ్రహాన్ని గుల్ల చేసినవాడికి ఒక్క మాటతో సరిపోతుందా? (కథ తెలియకూడదనుకునేవారు తర్వాతి వాక్యం దాటేయండి.) బందీలను వదిలేసి, అది బయటపడేలోగా తనను చంపెయ్యమని జికార్‌నే అడుగుతాడే, ప్రాయశ్చిత్తమనే మాటను అక్కడికి దాచుకోండి.

తెర మీద చోటు చాలకపోతే ‘చేసిన పాపం కడుక్కున్నాడు’ అనండి. ‘చేసుకొను’లో లాగే ఇందులోనూ తనకు తానే అని చెప్పే ‘కొను’ ఉంది. నిష్కృతి కూడా మంచి మాటే, కాకపోతే వాడుకలో ఎక్కువగా ‘లేదు’తోనే తిరుగుతుంది. కృతఘ్నుడికి నిష్కృతి లేదని లక్ష్మణుడు సుగ్రీవుడి మీద మండిపడతాడు. జికార్ కోపంగా ఉన్న ఎపిసోడ్లలో పనికొస్తుంది.

అన్నట్టు, ‘ప్రాయచ్ఛిత్తం’ కాదు, ప్రాయశ్చిత్తం. పశ్చాత్తాపంలోని ‘శ్చ’యే ఇక్కడా.