అమ్మమ్మగారి ఇంటి జి.ఐ. బకెట్లు, రేకు డ్రమ్ము, ట్రంకు పెట్టె ఫ్లాట్‌లో అలంకరణకు పనికొస్తాయా?

మీరు అడిగింది ఇదీ: ఊళ్ళో అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే జి.ఐ. (గాల్వనైజ్డ్ ఐరన్, అంటే జింకు పూత వేసిన ఇనుము) బకెట్లు, బియ్యం పోసుకునే రేకు డ్రమ్ము, ఒక ట్రంకు పెట్టె దొరికాయి. పాత ఇనప సామాను వాడికి వేసెయ్యడానికి మనసొప్పలేదు. హైదరాబాద్ ఫ్లాట్‌లో, బాల్కనీలో పెట్టుకుంటే బాగుంటుందా, రంగు వేయించాలా, మొక్కలు పెట్టొచ్చా, తుప్పు పడితే ఏం చేయాలి?

బాగుంటుందండీ, చాలా బాగుంటుంది. కానీ రెండు పనులు మాత్రం చేయకండి. వాటికి రంగు వేయకండి, వాటిలో నేరుగా మట్టి నింపకండి. మిగతాదంతా మీ ఇష్టం. ఎందుకంటున్నానో చెప్తాను. మా అత్తగారిది బందరు, మేముండేది హైదరాబాద్. రెండు చోట్లా ఇలాంటి సామాను ఏళ్ళ తరబడి వాడుతున్నాం కాబట్టి ఎండకు ఏమవుతుందో, ఉప్పుగాలికి ఏమవుతుందో చూస్తూనే ఉన్నాను.

ముందు, మీ దగ్గరున్నది నిజంగా జి.ఐ. అవునో కాదో చూసుకోండి. లోపల ఇనుము, పైన జింకు పూత ఉంటేనే జి.ఐ. ఇనప వస్తువును సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచి తీస్తారు. ఈ పద్ధతికి 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. పాత బకెట్‌ను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి కాస్త వాల్చి చూడండి. బూడిదరంగు మీద పటికబెల్లం పగలగొట్టినప్పుడు కనిపించే పలకల్లాగా ఒక్కో ముక్క ఒక్కో దిక్కుకు మెరుస్తుంది. జింకు చల్లారి గట్టిపడేటప్పుడు ఏర్పడిన స్ఫటికాలు అవి. బకెట్ తయారయ్యాక మొత్తంగా ముంచినదైతే అతుకుల దగ్గర జింకు జారి బొట్టుగా గడ్డకట్టిన ఆనవాళ్ళు కూడా ఉంటాయి. అవి కనిపిస్తే మీ అదృష్టం. అతుకుల్లోకి కూడా పూత దిగి ఉంటుంది, ఇంకా చాలా ఏళ్ళు ఆగుతుంది.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో 'రస్టిక్' అని అమ్మేవి చాలావరకు ముందే పూత వేసిన పల్చటి రేకును కత్తిరించి మడిచినవి. కత్తిరించిన అంచు దగ్గర ఇనుము బయటపడే ఉంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. పదిహేను కిలోల నూనె డబ్బాలు అసలు ఈ కోవలోకే రావు. వాటి మీద ఉండేది పల్చటి తగరం పూత. బాల్కనీలో ఒక వానాకాలం గడిచేసరికి చిల్లులు పడతాయి. ఇంట్లో పెన్నులూ గరిటెలూ వేసుకోవడానికైతే పర్వాలేదు.

జి.ఐ.లో ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, గీతలు పడినా టెన్షన్ పడక్కర్లేదు. చిన్న గీత పడి ఇనుము బయటపడినా చుట్టూ ఉన్న జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. అందుకే బావి గట్టుకు కొట్టుకుంటూ రోజూ దిగి పైకొచ్చిన బొక్కెన కూడా అన్నేళ్ళు మన్నింది. పూత పూర్తిగా అయిపోయిన చోటే ఎర్ర తుప్పు కనిపిస్తుంది.

ఇక శుభ్రం చేయడం. మన చేతులు అలవాటుగా చింతపండు మీదకే వెళ్తాయి. ఇత్తడికీ రాగికీ అది సరే గానీ జి.ఐ.కి మాత్రం వద్దు. పులుపు ఏదైనా జింకును తినేస్తుంది. చింతపండు, నిమ్మచెక్క, బాత్రూమ్ యాసిడ్, ఏది తగిలినా నల్లటి మచ్చలు పడి, ఆ తర్వాత అక్కడే తుప్పు పడుతుంది. ఇనప పీచు కూడా వాడకండి. గిన్నెలు తోమే లిక్విడ్, నైలాన్ స్క్రబ్బరు, మంచినీళ్ళు చాలు. కడిగాక పొడిగుడ్డతో తుడిచి గాలికి ఆరబెట్టండి. బకెట్లు ఒకదానిలో ఒకటి దూర్చి తడిగా ఉంచేస్తే తెల్లటి పొడి లేస్తుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు, అది జింకుకు పట్టే తుప్పు. పాత టూత్‌బ్రష్‌తో రుద్దేసి గాలి తగిలే చోట పెడితే కొన్ని నెలల్లో మళ్ళీ ఆ మెరుపులేని బూడిదరంగు వచ్చేస్తుంది. ఆ మెరుపులేని రంగే గట్టిది, కొత్త మెరుపు కాదు. మెరవడం లేదని పాలిష్ పెట్టడమంటే ఉన్న రక్షణను మనమే గీకేసుకోవడం.

రంగు ఎందుకు వద్దన్నానంటే, మామూలు ఎనామెల్ పెయింటు జి.ఐ. మీద నిలవదు. పెయింటులోని నూనె జింకుతో కలిసి మధ్యలో సబ్బు పొర ఒకటి తయారవుతుంది. వేసిన రోజు అందంగానే ఉంటుంది, కొన్నాళ్ళకు అట్టలు అట్టలుగా ఊడుతుంది. పిల్లల గది కోసమో దేనికోసమో రంగు తప్పదనుకుంటే, కార్ల పెయింటింగ్ షాపులవాళ్ళు వాడే వాష్ ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పల్చటి పూత) ఒక కోటు వేసి, దాని మీద నీళ్ళతో కలిపే ఆక్రిలిక్ వేయండి. నన్నడిగితే, ఆ పాత బూడిదరంగు ముందు ఏ పెయింటూ పనికిరాదు. ఈ మధ్య కొత్త బకెట్ కొని, బ్రష్షుతో గోధుమరంగు తుప్పు మరకలు గీస్తున్నారు. అంతకన్నా విడ్డూరం ఇంకోటి లేదు.

మొక్కల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. విదేశాల ఫొటోల్లో రేకు తొట్టి నిండా పూలు కనిపిస్తాయి. అక్కడి చల్లదనం వేరు. మే నెల మధ్యాహ్నం పడమటి బాల్కనీలో ఉన్న బకెట్ అంచు మీద చెయ్యి వేసి చూడండి, క్షణం కూడా ఉంచలేరు. మట్టికుండీకి చెమ్మ ఊరుతుంది కాబట్టి చల్లగా ఉంటుంది. రేకుకు ఆ సుగుణం లేదు. లోపలి గోడను అంటుకున్న వేళ్ళు ముందు మాడతాయి. నీళ్ళు పోస్తున్నా మొక్క వాడిపోతోందని మనం ఇంకా పోస్తాం, అడుగున వేళ్ళు కుళ్ళిపోతాయి.

అందుకే బకెట్‌ను కుండీగా కాకుండా కుండీకి పైతొడుగుగా వాడండి. మొక్క మామూలు ప్లాస్టిక్ కుండీలోనే ఉంటుంది, ఆ కుండీని బకెట్‌లో దింపుతాం. రెండింటికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. ఎండాకాలంలో ఆ సందులో గోనెసంచి ముక్కో కొబ్బరిపీచో కూరితే వేడి లోపలికి దిగదు. అడుగున ఒక ఇటుక ముక్క పెట్టి దాని మీద కుండీ నిలబెడితే కుండీ అంచు బకెట్ అంచుకు సమానంగా వస్తుంది, కారిన నీళ్ళలో మొక్క నానదు. పైన కొబ్బరిపీచు పరిస్తే లోపల ప్లాస్టిక్ కుండీ ఉన్నట్టే తెలియదు. మొక్క మారాలంటే కుండీ ఎత్తేసి ఇంకోటి పెట్టుకోవడమే. మా ఇంట్లో మామూలు రోజుల్లో స్నేక్ ప్లాంటో మనీప్లాంటో ఉంటుంది. సంక్రాంతికి అదే బకెట్‌లోకి బంతి కుండీ దిగుతుంది, ఎండలు ముదిరితే బిళ్ళగన్నేరు వస్తుంది. ఎండ బాగా తగిలే చోట గడ్డిగులాబీ కూడా నిలబడుతుంది.

తొడుగుగా వాడినా అడుగున చిల్లులు తప్పవు. బకెట్ బోర్లించి చూస్తే అసలు అడుగు కాస్త లోపలికి ఉంటుంది, చుట్టూ ఉన్న పట్టీ మాత్రమే నేలకు ఆనుతుంది. ఆ పట్టీకీ అడుగుకూ మధ్య ఉన్న సందులోనే తడి నిలిచి తుప్పు పుడుతుంది. చిల్లు పెట్టబోయే చోట మేకుతో చిన్న సొట్ట కొట్టి, లోపల చెక్కముక్క ఆనించి, ఎనిమిది పది మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో నాలుగైదు చిల్లులు పెట్టండి. అంచు గరుకు ఆకురాయితో తీసేసి, హార్డ్‌వేర్ షాపులో దొరికే జింకు స్ప్రేను ఆ చిల్లుల అంచులకు కొట్టండి. ఆ తర్వాత బకెట్‌ను నేల మీద నేరుగా పెట్టకుండా టైలు ముక్కల మీద ఎత్తిపెట్టండి. కింద గాలి ఆడితే సగం సమస్య తీరినట్టే, ఫ్లోర్ మీద గుండ్రటి తుప్పు మరక కూడా పడదు.

బందరులో ఇవన్నీ చేసినా బయట పెట్టిన బకెట్లు హైదరాబాద్‌లో ఉన్నంతకాలం ఆగవు. సముద్రపు గాలిలోని ఉప్పు జింకును తొందరగా తినేస్తుంది. మీలో కాకినాడ, విశాఖ తీరం దగ్గరున్న వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాటిని వరండాలోనో ఇంట్లోనో పెట్టుకోండి, అప్పుడప్పుడు మంచినీళ్ళతో కడిగి తుడవండి.

బకెట్‌లో నీళ్ళు పోసి తామర వేద్దామని చాలామందికి ఉంటుంది. నీళ్ళు నిలిస్తే డెంగీ దోమ వారం పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా వచ్చేస్తుంది. దోమలు రాకుండా గప్పీ చేపలు వదులుదామంటే, నీళ్ళలోకి దిగే జింకు చేపలకు విషం. కాబట్టి తామర కావాలంటే లోపల ప్లాస్టిక్ టబ్బు పెట్టి, చేపల్ని అందులోనే ఉంచాలి.

డ్రమ్ము విషయానికొస్తే, బాల్కనీలో దాన్ని మట్టితో నింపే ఆలోచన ఉంటే మానుకోండి. తడిమట్టి లీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది. రెండు వందల లీటర్ల డ్రమ్ము నింపితే మూడు క్వింటాళ్ళు. సొంత ఇల్లు, నేల మీద పెరడు ఉన్నవాళ్ళ కథ వేరు. టెక్సాస్‌లో ఉన్న మా బంధువులు పశువులు నీళ్ళు తాగే జి.ఐ. తొట్లు కొని పెరట్లో గోంగూర, సొర పండిస్తున్నారు. అక్కడ వాటిని స్టాక్ ట్యాంకులంటారు, రైతు సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. ఆ ఎండలు కూడా తక్కువవేం కావు, కానీ మట్టి అంత ఎక్కువ ఉంటే నడిమధ్యలో చల్లగానే ఉంటుంది. చిన్న బకెట్‌కు ఆ వెసులుబాటు లేదు. ఫ్లాట్‌లో మీ డ్రమ్మును తిరగేసి పైన గుండ్రటి చెక్క పలక వేయించండి, సోఫా పక్కన ల్యాంపు పెట్టుకునే బల్ల అవుతుంది. లేదా మూత ఉంచేసి లోపల దుప్పట్లు దాచుకోండి.

ట్రంకు పెట్టె మీద పాత రంగు ఉంటే గరుకు కాగితంతో పొడిగా రుద్దకండి. పాతకాలపు రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పిల్లలున్న ఇంట్లో ఆ పొడి ఎగరడం మంచిది కాదు. తడిగుడ్డతో తుడిచి, పెచ్చులు ఊడుతుంటే పైన పారదర్శకమైన వార్నిష్ ఒక పొర వేయించండి. హాల్లో టీపాయ్‌గా పెట్టుకుంటే దాని మీద రాసిన ఇంటిపేరు, పొడి అక్షరాలు కనిపించేలా ఉంచండి. ఇంటికొచ్చినవాళ్ళు ముందు అడిగేది దాని గురించే. గొళ్ళెం దగ్గర మాత్రం చిన్నపిల్లల వేళ్ళు నలిగే ప్రమాదం ఉంది, మూతకు గొలుసు వేయించండి.

ఇంట్లో మిగిలిన బకెట్లకు పని వెతుక్కోనక్కర్లేదు. గుమ్మం దగ్గర గొడుగులు, పిల్లల బొమ్మలు, వంటింట్లో ఉల్లిపాయలు, ఏదైనా సరే. ఫంక్షన్‌లో ఐసు పోసి కూల్‌డ్రింక్ సీసాలు పెట్టొచ్చు, కానీ ఆ ఐసు గ్లాసుల్లో వేయకూడదు. పెరుగు, మజ్జిగ, పులిహోర, నిమ్మరసం, ఊరగాయ ఇందులో అసలు కలపకూడదు. పులుపుకు జింకు కరిగి తిండిలో చేరితే కడుపులో తిప్పి వాంతులవుతాయి.

అలాగే భోగి మంటకు డ్రమ్ము బాగుంటుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బాగా కాలిన జింకు పొగగా లేస్తుంది. అది పీలిస్తే చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళు వణుకుతుంది, జి.ఐ. పైపులు వెల్డింగ్ చేసేవాళ్ళనడిగితే చెప్తారు. కుంపటికీ బార్బెక్యూకీ ఇదే మాట.

జత కోసం ఇంకొన్ని కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమ్మేరాత్ బజార్‌లో వెతకండి, కొత్తవైతే బేగంబజార్. పాతవి కొనేటప్పుడు లోపల చెయ్యిపెట్టి అడుగు అతుకు చుట్టూ వేలు తిప్పండి. పొడిపొడిగా రాలితే బేరం ఆడొద్దు, వదిలేయండి. సొట్టలున్నా, పిడి ఊడినా ఫర్వాలేదు.

మీ డ్రమ్ము ఫొటో ఒకటి పెట్టండి, మూత కాదు, బోర్లించి అడుగు వైపు తీసింది. అక్కడ ఎరుపు ఎంతవరకు పాకిందో చూస్తే బయట పెట్టొచ్చో, ఇంట్లోనే ఉంచాలో చెప్పగలను.