చేతులు కలిసినంత మాత్రాన అడుగులు కలవవు
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జంట నృత్యాల గురించే ఉన్నాయి. వాల్ట్జ్, టాంగో వంటివి నేర్చుకుంటున్నవారు, నేర్చుకుందామా వద్దా అని ఆలోచిస్తున్నవారు రాసినవి. వాటిలో చాలా ప్రశ్నలకు మూలమైన సందేహం ఒకటే కనుక మొదటి ఉత్తరానికి కాస్త విస్తారంగా జవాబు రాసి, తక్కినవాటికి అవసరమైనంత వరకే రాస్తున్నాను.

ప్రశ్న: మేం భార్యాభర్తలం. నాలుగు నెలలుగా వాల్ట్జ్ నేర్చుకుంటున్నాం. ఎవరికి వారం విడిగా చేసుకుంటే అడుగులు తప్పవు. కలిసి పట్టుకోగానే ఆయన నన్ను ఓసారి తోస్తున్నట్టు, ఓసారి లాగుతున్నట్టు ఉంటుంది. నేను కదలకుండా బరువైపోతున్నానని ఆయన అంటారు. నాకేమో క్లాసు అయ్యేసరికి భుజాలు నొప్పులు. ఏ రోజు చూసినా ఇంటికి వచ్చేది తగువుతోనే. ఇంతకీ తప్పు ఎవరిది?

జవాబు: మర్యాదకు ఎవరిదీ కాదనాలి గానీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఇద్దరిదీ ఉందనీ, మొదలు మాత్రం మీవారి చేతుల్లో ఉందనీ అనిపిస్తోంది. చేతుల్లో అన్నది మాటవరసకు అన్నది కాదు. వాల్ట్జ్ పట్టులో నడిపించేవారి కుడి చెయ్యి జోడీ వీపున ఎడమ రెక్క ఎముక మీద ఆనుతుంది, ఎడమ చెయ్యి జోడీ కుడి చేతిని ఇంచుమించు కంటి ఎత్తున అందుకుంటుంది. రెండు చేతులూ ఇలా అనువైన చోట అమరేసరికి కొత్తగా నేర్చుకునేవారికి వాటితో ఏదో ఒక పని చేయించాలనిపిస్తుంది. ముందుకు వెళ్లాలంటే తోస్తారు, పక్కకు వెళ్లాలంటే లాగుతారు, మలుపు వస్తే స్టీరింగ్ తిప్పినట్టు తిప్పుతారు. అక్కడ చేతులకు ఉన్న పని ఇద్దరి మధ్య ఉన్న దూరాన్నీ ఆకారాన్నీ చెదరకుండా నిలిపి ఉంచడమే, క్లాసులో 'ఫ్రేమ్' అని పదేపదే చెప్పేది దాని గురించే. కదలిక పుట్టవలసింది నిలబడిన కాలి నుంచి, ఛాతీ, పొట్ట, నడుము ఒక్కటిగా ముందుకు సాగడం నుంచి. ఒళ్లు సాగిందంటే ఫ్రేమ్ దానంతట అదే కదులుతుంది, ఆ కబురు మీ వీపుకు అందుతుంది, మీ కాలు వెనక్కి వెళ్తుంది, అప్పుడు ఖాళీ అయిన చోట ఆయన పాదం పడుతుంది. ఈ వరస తప్పి ముందు చెయ్యి, తర్వాత కాలు, చివరికి ఒళ్లు కదిలితే మీకు అందేది కబురు కాదు, కుదుపు. కుదుపు తగిలితే మనిషి బిగుసుకోవడం సహజం. మీరు బరువైపోయారని ఆయనకు తోచేది ఆ బిగువు వల్లే తప్ప, మీ అసలు బరువుకు దానితో ఏ సంబంధమూ లేదు.

మరి కబురు ఎప్పుడు పంపాలి? నాలుగు నెలలు నేర్చుకున్నవారికి కూడా చాలామందికి ఎవరూ వివరంగా చెప్పని విషయం ఇది. పోటీల్లో స్లో వాల్ట్జ్ సంగీతం నిమిషానికి 28 నుంచి 30 ఆవర్తనాల వేగంతో నడుస్తుంది, ఒక్కో ఆవర్తనానికి 3 బీట్లు. అంటే ఒక బీటుకు దొరికే సమయం ముప్పావు సెకను కూడా లేదు. ఒకటో బీటు వినిపించాక కదలడం మొదలుపెడితే జోడీకి అప్పటికే ఆలస్యమైపోతుంది. అందుకే వాల్ట్జ్‌లో మూడో బీటు చివరను అంత శ్రద్ధగా నేర్పుతారు. ఒకటో బీటు చివర మొదలై రెండు, మూడు బీట్లలో మునివేళ్ల మీదికి లేచిన ఒళ్లు, మూడు ముగుస్తుండగా మడమ మీదికి దిగి మోకాలు మెల్లగా వంగుతుంది. ఆ దిగడం ఇద్దరిదీ ఒక్కసారే జరగాలి. తర్వాతి అడుగు ఎటు, ఎంత దూరం అన్న సంగతి జోడీకి తెలిసేది ఆ దిగుడులోనే. మోకాళ్లు బిగబట్టి నిలబడి, ఒకటి అనగానే ధబ్బున ముందుకు పడేవారు ఆ కబురు పంపకుండానే బయలుదేరిన వారన్నమాట.

ఇక మీ వైపు లోటు. అడుగుల వరస మీకు కంఠతా వచ్చేసింది కనుక, ఆయన చెప్పేదాకా ఆగకుండా తర్వాతి అడుగు వేసేస్తున్నారని నా అనుమానం. విడివిడిగా తప్పకపోవడం, కలిస్తే తప్పడం చూస్తే అదే అనిపిస్తుంది. ప్రతి అడుగు చివరా మీ బరువు మొత్తం ఒకే కాలి మీద ఉండాలి, రెండో కాలు ఎటైనా వెళ్లేందుకు తేలిగ్గా ఉండాలి. రెండు పాదాల మీదా సగం సగం బరువు వేసి నిలబడిన మనిషిని ఏ కాలు తియ్యమని ఎవరు అడగగలరు? వెనక్కి వేసేటప్పుడు కాలు తొడ మొదలు నుంచి సాగాలి, ముందు వేలికొస, తర్వాత మునిపాదం, ఆఖరున మడమ నేలకు ఆనాలి. మడమను తొందరపడి దించితే మీరు వెనక్కి వాలిపోతారు, ఆయన మిమ్మల్ని పడకుండా పట్టుకోవడం కోసం లాగుతారు, తగువు మళ్లీ మొదటికి వస్తుంది.

నేను నేర్చుకునే రోజుల్లో మాకు నేర్పినవారు సంగీతం ఆపేసి, పట్టు వదిలించి, ఎదురెదురుగా నిలబడి అరచేతులు ఆనించమని, ఒక్కో జత అరచేతుల మధ్య ఒక్కో తెల్ల కాగితం ఉంచి నడవమన్నారు. వేళ్లతో పట్టుకోకూడదు. మొదటిరోజు గది ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేలోగా ఆరుసార్లు వంగి కాగితం ఏరుకున్నాం. మెత్తగా ఆనిస్తే జారిపోయేది, గట్టిగా నొక్కితే భుజాలు పైకి లేచి కాలు కదిలేది కాదు. మూడోరోజుకు నాకు తెలిసింది ఏమిటంటే, కాగితం పడిన ప్రతిసారీ ఒంటి కంటే ముందు నా చెయ్యి బయలుదేరింది. నా జోడీ ఆ మాట మొదటిరోజే చెప్పింది, నేనే ఒప్పుకోలేదు. మీరిద్దరూ కూడా ఓ వారం ఇది చేసి చూడండి. ఆ వారం పాటు 'మీరు లాగారు', 'నువ్వు ఆగలేదు' అనే మాటలు మానేసి, ఎవరి ఒంట్లో ఏం తెలిసిందో వారు మాత్రమే చెప్పుకోండి. 'నా కుడి భుజం ముందుకొచ్చింది' అని చెబితే దిద్దుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ప్రశ్న: జోడీకి సరిగ్గా ఎదురుగా నిలబడుతున్నాను, అయినా మోకాళ్లు తగులుతున్నాయి. కాళ్లు తొక్కుతానేమోనన్న భయంతో కిందికే చూస్తున్నాను.

జవాబు: సరిగ్గా ఎదురుగా నిలబడటమే చిక్కు. వాల్ట్జ్ వంటి బాల్‌రూమ్ నృత్యాల పట్టులో ఇద్దరూ తమ తమ ఎడమకు కొద్దిగా జరిగి నిలబడాలి. అప్పుడు మీ కుడి పాదం జోడీ రెండు పాదాల మధ్యకు వెళ్తుంది, ఎడమ పాదం బయట నుంచి వెళ్తుంది, మోకాళ్లకు దారి దొరుకుతుంది. చూపు జోడీ కుడి భుజం మీదుగా పోవాలి. కిందికి చూడటం వల్ల కాళ్లు తొక్కడం తగ్గదు, పెరుగుతుంది. నాలుగైదు కిలోల బరువున్న తల ముందుకు వాలితే ఒళ్లంతా దాని వెంట వాలి, జోడీ నిలబడవలసిన చోటును మీ భుజాలు ఆక్రమిస్తాయి.

ప్రశ్న: టాంగోలో ముఖపరిచయం కూడా లేనివారు ముందేమీ అనుకోకుండా పాట మొదలు నుంచి చివరిదాకా కలిసి చేస్తారంటారు. నిజమేనా? లేక వరసలన్నీ ముందే బట్టీ పట్టి ఉంటారా?

జవాబు: నిజమే. అయితే మీరు అడుగుతున్నది అర్జెంటీనా టాంగో గురించి. బాల్‌రూమ్ పోటీల్లో కనిపించే టాంగో దాని నుంచే వచ్చినా, దానికి వేరే పట్టు, వేరే నియమాలు ఏర్పడ్డాయి. అసలు టాంగో 19వ శతాబ్దం చివర్లో రియో దె లా ప్లాటా నదీముఖానికి ఇరువైపులా ఉన్న బ్యూనస్ ఎయిరిస్, మాంటెవిడియో నగరాల్లోని సామాన్యుల పేటల్లో పుట్టింది. యునెస్కో 2009లో దాన్ని మానవజాతి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. టాంగో చేసుకునే కూడికను మిలోంగా అంటారు. అక్కడ పిలుపు కూడా నోటితో ఉండదు. దూరం నుంచి చూపులు కలుస్తాయి, ఒకరు తల కొద్దిగా ఊపుతారు, ఇష్టమైతే రెండోవారూ ఊపుతారు, ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటారు. కాదనిపించుకున్న సంగతి మూడో మనిషికి తెలియకుండా పోయే ఈ పద్ధతిని మించిన మర్యాదను నేనైతే చూడలేదు. పాటలు మూడు నాలుగు కలిపి ఒక విడతగా వస్తాయి, విడత అయ్యేదాకా సాధారణంగా జోడీ మార్చరు. జంటలన్నీ గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా, ఒకరి వెనక ఒకరుగా గది చుట్టూ సాగుతాయి.

బట్టీ పట్టకుండా ఎలా సాధ్యమంటే, ఈ నృత్యానికి మూలం పొడుగాటి వరసలు కావు, ఒక్కొక్క అడుగు. ముందుకు, వెనక్కు, పక్కకు వేసే అడుగులు, ఒంటికాలి మీద తిరగడం, ఏమీ చేయకుండా ఆగడం, ఇంతే సరంజామా. ఉదాహరణకు 'ఓచో' తీసుకోండి. స్పానిష్‌లో ఆ మాటకు ఎనిమిది అని అర్థం, అనుసరించేవారి పాదాలు నేల మీద ఎనిమిది అంకె గీసినట్టు సాగడం వల్ల ఆ పేరు వచ్చింది. నడిపించేవారు తన ఛాతీని కొద్దిగా పక్కకు తిప్పుతారు. ఆ తిప్పు అనుసరించేవారి ఛాతీకి వెంటనే అందుతుంది, నడుము మాత్రం ఒక క్షణం వెనకబడుతుంది. చీరను పిండినట్టు ఒళ్లు మెలిపడి, ఆ మెలిక విడిపోతూ నడుమును, నడుము మునిపాదాన్ని తిప్పుతాయి. తిరగడం పూర్తయ్యాకే అడుగు పడుతుంది. నడిపించేవారు ఆ అడుగు ఎక్కడ పడిందో, బరువు ఏ కాలి మీద ఆగిందో తెలుసుకుని గానీ తర్వాతిది మొదలుపెట్టలేరు. ముందు చెప్పడం, తర్వాత వినడం, విన్నదాన్ని బట్టి మళ్లీ చెప్పడం, సంభాషణ ఇలాగే కదా సాగేది. అపరిచితులు మాట్లాడుకోవడానికి ముందే అనుకుని రావలసిన అవసరం లేనట్టే దీనికీ లేదు.

ప్రశ్న: నడిపించేది ఒకరు, చెప్పినట్టు వెళ్లేది ఒకరు అంటే ఈ రోజుల్లో వినడానికే బాగాలేదు. అనుసరించేవారికి సొంతంగా చేసేది ఏమైనా ఉందా? ఆడవాళ్లే ఎందుకు వెనక్కి నడవాలి?

జవాబు: ఎవరైనా ఏ వైపైనా నేర్చుకోవచ్చు, చాలా క్లాసుల్లో ఇప్పుడు ఆడ, మగ అనకుండా లీడర్, ఫాలోవర్ అనే అంటున్నారు. రెండూ నేర్చుకున్నవారు రెండూ బాగా చేస్తారన్నది నా అనుభవం. అడుగు ఎంత పొడవు, బీటులో ముందు పడాలా కాస్త సాగి పడాలా, ఆగినప్పుడు పాదంతో ఏదైనా అలంకారం చెయ్యాలా అన్నవి అనుసరించేవారి ఇష్టాలే. న్యూయార్క్‌లోని హార్లెమ్ పేటలో 1926లో తెరుచుకున్న సవాయ్ బాల్‌రూమ్ అనే నృత్యశాలతో పేరు పెనవేసుకున్న లిండీ హాప్ అనే జంట నృత్యంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇద్దరూ విడివడి చేతులు సాగేదాకా దూరం జరిగి, ఆ సాగిన బిగువుతోనే తిరిగి దగ్గరవుతారు, దూరంగా ఉన్న ఆ కాసేపు ఎవరి నాట్యం వారిదే. పైన లాగవద్దన్నాను, ఇక్కడ సాగదీయమంటున్నాను అనుకోకండి. ఇక్కడ కూడా బిగువు పుట్టేది ఇద్దరి ఒళ్లూ ఒకదానికొకటి ఎదురుగా వెనక్కి తూగడం వల్లే, మోచెయ్యి ముడిచి లాగితే ఇదీ పాడవుతుంది.

వెనక్కి నడిచేది ఆడవాళ్లేనన్న మాటకు జవాబు కింది ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: వియన్నీస్ వాల్ట్జ్ చేస్తే రెండు నిమిషాలకే కళ్లు తిరుగుతున్నాయి. జోడీతో ఢీకొంటున్నాను కూడా.

జవాబు: దీని వేగం పోటీల్లో నిమిషానికి 58 నుంచి 60 ఆవర్తనాలు, సెకనుకు దాదాపు మూడు అడుగులు. రెండు ఆవర్తనాలకు ఒక పూర్తి చుట్టు చొప్పున నిమిషానికి 30 చుట్ల దాకా తిరుగుతారు. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాల్లో ఉండే ద్రవం ఒంటితో పాటు తిరగడానికి అలవాటుపడి, మనం ఆగినా వెంటనే ఆగదు. కళ్లు తిరగడం అందువల్లే. కొద్ది చుట్లతో మొదలుపెట్టి పెంచుకోండి, తలను ఒక పక్కకు వంచకండి, కుడి తిప్పుడు నుంచి ఎడమ తిప్పుడుకు మారడం నేర్చుకోండి, పాట ఆగాక జోడీ చెయ్యి వదలకుండా దూరాన ఉన్న ఒకే వస్తువును కాసేపు చూడండి.

ఢీకొనడానికి కారణం వేరు. ఈ తిప్పుడులో ఒక ఆవర్తనంలో నడిపించేవారు ముందుకు, తర్వాతి ఆవర్తనంలో అనుసరించేవారు ముందుకు వస్తారు. ముందుకు వచ్చేవారు బయటి వలయం మీద ఎక్కువ దూరం పోవాలి కనుక అడుగు పెద్దది, అదే సమయంలో వెనక్కి వెళ్లేవారు లోపల ఉంటారు కనుక అడుగు చిన్నది. నడిపించేది తానే కదా అని రెండు ఆవర్తనాల్లోనూ పెద్ద అడుగులే వేసేవారు జోడీ దారికి అడ్డం పడతారు. మీరు ఏ వైపు చేస్తున్నారో రాయలేదు, అయినా వెనక్కి వెళ్లే ఆవర్తనంలో మీ అడుగును సగానికి తగ్గించి చూడండి.

ప్రశ్న: అంత దగ్గరగా నిలబడాలంటే బిడియంగా ఉంది.

జవాబు: వాల్ట్జ్ కొత్తగా వచ్చిన రోజుల్లో 1816లో లండన్ టైమ్స్ పత్రికే సంపాదకీయం రాసి మరీ తప్పుపట్టింది, మీ బిడియం వింతేమీ కాదు. మొదట్లో చేతులు మాత్రమే ఆనించి, ఒళ్లు తగలకుండా ఎడం ఉంచుకుని నేర్చుకోవచ్చు. సాల్సా అనే జంట నృత్యమైతే ఎక్కువ భాగం ఆ ఎడంతోనే చేస్తారు.

ప్రశ్న: మా ఇద్దరి ఎత్తుల్లో దాదాపు అడుగు తేడా. కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. పొడుగ్గా ఉన్నవారు మోకాళ్లు వంచి పొట్టి కావాలని చూడకూడదు, నిటారుగానే ఉండి అడుగు పొడవు తగ్గించుకోవాలి. కలిపి పట్టుకున్న చేతులు పొట్టిగా ఉన్నవారి కంటి ఎత్తును దాటకూడదు. వీపు మీద ఉండే చెయ్యి మాత్రం మీ పొడవుకు తగ్గట్టు కాస్త పైకి జరిగినా ఫరవాలేదు, జోడీ భుజం పైకి లేవకుండా ఉంటే చాలు.