మీ అబ్బాయి చదువు ఇంకా అయిపోలేదు

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. మూడో సెమిస్టర్ మొదలైంది, వచ్చే మే నెలలో చదువు పూర్తవుతుంది. 40 లక్షల అప్పు ఉంది. అక్కడ ఉద్యోగాలు లేవంటున్నారు. ఇప్పటినుంచే రెండో మాస్టర్స్‌కు సీటు చూసుకోవడం మంచిదా, మా బంధువు చెప్పిన కన్సల్టెన్సీలో శిక్షణకు చేర్పించడం మంచిదా? మిగిలిన సమయాన్ని ఎలా వాడుకోవాలి?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరం పొడవుగా ఉంటే కుదించాను. అసలు ప్రతిలో ‘అప్పు’ అన్న మాట ఆరుసార్లు వచ్చింది. అబ్బాయి ఏ ప్రొఫెసర్ దగ్గర ఏ ప్రాజెక్టు చేస్తున్నాడో ఒక్కసారి కూడా రాలేదు. మీరొక్కరే కాదు, ఈ రోజుల్లో నాకు వచ్చే ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటున్నాయి. పిల్లలు అక్కడ ఇంకా తరగతులకు వెళుతూనే ఉంటారు, ఇక్కడ ఇంట్లో మాత్రం చదువు ముగిసినట్టే లెక్కలు కట్టేస్తారు. మీకు నిద్ర పట్టనివ్వనిది రెండో మాస్టర్స్ కాదు, పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరయిందేమోనన్న దిగులు. కాలేదండీ. పంట ఇంకా చేలోనే ఉంది.

ముందు రెండో మాస్టర్స్ సంగతి. ఈ మాట ఇప్పుడు పెళ్ళి భోజనాల బంతిలో కూడా వినిపిస్తోంది. చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసుకోవడానికిచ్చే అనుమతే ఓపీటీ. ఒక డిగ్రీ స్థాయికి దాన్ని ఒక్కసారే ఇస్తారు. ఒక ఎంఎస్ మీద వాడుకున్నాక ఇంకో ఎంఎస్ చేసినా మళ్ళీ రాదు, పీహెచ్‌డీ లాంటి పై చదువుకు వెళ్ళాలి. అందుకే రెండో మాస్టర్స్ అమ్మేవాళ్ళు వేరే ఎర వేస్తారు. చేరిన రోజు నుంచే సీపీటీ మీద, అంటే చదువుతుండగానే కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి మీద, ఉద్యోగం చేసుకోవచ్చంటారు. నిబంధనల్లో దానికి చోటు లేకపోలేదు. పని అనుభవం మొదటినుంచే కోర్సులో తప్పనిసరి భాగమైతే పీజీ విద్యార్థులకు అలా ఇవ్వవచ్చు. కానీ ఎప్పుడో ఒక శనివారం తరగతి, మిగతా కాలమంతా కొలువు అంటే, దాన్ని చదువని అధికారులు ఎందుకు నమ్మాలి? రేపు హెచ్-1బీ ఉద్యోగ వీసాకు దరఖాస్తు పెట్టినప్పుడు గుచ్చి గుచ్చి అడిగేది ఈ సీపీటీ గురించే.

ఈ విషయంలో నాకు అనుమానం ఎక్కువని నా తోటివారు అంటారు. నిజమే, నేను 2011 మరిచిపోలేదు. కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు మన పిల్లలు కొందరి కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో బయటపడిన మిషిగన్ ఫార్మింగ్టన్ అయితే అసలు యూనివర్సిటీయే కాదు, అమెరికా అధికారులు పన్నిన వల. అందులో చిక్కినవాళ్ళలోనూ తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. రెండో మాస్టర్స్ ఇచ్చే కళాశాలలన్నీ అలాంటివని నేననను. నిజంగా మరో శాస్త్రం చదవాలనిపించి చేరితే సంతోషమే. అక్కడ ఉండే గడువు కొనుక్కోవడానికి ఫీజు కడితే మాత్రం అది అప్పు మీద అప్పు.

ఇక కన్సల్టెన్సీ. కొన్నేళ్ళ క్రితం, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన ఒక అమ్మాయి తన రెజ్యూమే నా బల్ల మీద పెట్టింది. కన్సల్టెన్సీలో శిక్షణ ఇచ్చినవాళ్ళే తయారుచేశారట. అమ్మాయి వయసు 24, అనుభవం ఏడేళ్ళు. అంటే ఇంటర్ చదివే రోజుల్లోనే బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసిందన్నమాట! “ఇంటర్వ్యూలో ఎవరో పక్కనుండి జవాబులు అందిస్తారన్నారు సార్” అంది, నా ముఖం చూడకుండా. ఆ కాగితం తిరగేసి, తాను నిజంగా చేసిన పనులు మాత్రమే వెనకవైపు రాయమన్నాను. అర పేజీ వచ్చింది. అందులో ఒక ప్రొఫెసర్ దగ్గర చేసిన చిన్న పని గురించి అడిగితే ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడింది.

ఆ అర పేజీని ముప్పావు పేజీ చేసుకోవడానికే మీవాడికి ఈ తొమ్మిది నెలలు. ప్రొఫెసర్లు వారంలో కొన్ని గంటలు విద్యార్థుల కోసమే గది తలుపు తెరిచి కూర్చుంటారు. మనవాళ్ళు అటు వెళ్ళేది మార్కులు తగ్గినప్పుడే. ఈసారి ప్రాజెక్టు పట్టుకుని వెళ్ళమనండి. కెరీర్ సెంటర్‌లో నమూనా ఇంటర్వ్యూలు చేయిస్తారు, మీరు కట్టిన ఫీజులో అదీ ఉంది. వచ్చే వేసవిలో చేర్చుకోబోయేవారి కోసం చాలా కంపెనీలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే క్యాంపస్‌కు వస్తాయి. మేలో చూద్దాంలే అనుకుంటే ఆ బస్సు వెళ్ళిపోయినట్టే. ఇంకొకటి. నలుగురు తెలుగు పిల్లలు ఒక అపార్ట్‌మెంట్‌లో వంతులవారీగా పప్పుచారు పెట్టుకుని రెండేళ్ళు గడిపి వస్తారు. పప్పుచారుతో నాకు పేచీ లేదు. ఈ సెమిస్టర్‌లో ఒక్క ప్రాజెక్టయినా వేరే దేశం వాళ్ళతో కలిసి చేస్తే ఇంటర్వ్యూలో నోరు పెగులుతుంది. ఖర్చుల కోసం పని కావాలంటే క్యాంపస్‌లోనే, తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల్లోపు. పెట్రోలు బంకులో చేతికి నగదిస్తారని వెళితే వీసాకే ఎసరు.

ఓపీటీ దరఖాస్తు కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు. యూనివర్సిటీ అధికారి సిఫారసు నమోదు చేశాక 30 రోజుల్లో పంపాలి. ఓపీటీ మొదలయ్యే తేదీని కోర్సు ముగిశాక 60 రోజుల లోపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఆ తేదీ నుంచి ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే కాబట్టి ఆలోచించి ఎంచుకోమనండి. ఇప్పటి నిబంధనల ప్రకారం మొదట ఒక ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) చదువు కాబట్టి, ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో ఉన్న సంస్థలో చేరితే మరో రెండేళ్ళు. హెచ్-1బీ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజన్న వార్త చూసి మీరు హడలిపోయారు గానీ, ఈ మూడేళ్ళకూ దానితో పనిలేదు. నిబంధనలు మారితే చెప్పాల్సింది యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం, మీ బంధువుల వాట్సాప్ గ్రూపు కాదు.

ఇప్పుడు కాస్త కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. రోజూ ఉదయం ఆరింటికి ఫోను చేసి ‘ఏమైనా తెలిసిందా?’ అని అడుగుతున్నానని మీరే రాశారు. అప్పుడు టెక్సాస్‌లో రాత్రి ఏడున్నర. వాడు ల్యాబులోనో, పొయ్యి దగ్గరో ఉంటాడు. మేలో ముగిసే చదువుకు సెప్టెంబరులో ఏం తెలుస్తుంది? ఆ ఫోను పెట్టేశాక వాడు పుస్తకం తెరుస్తాడా, ఏ కన్సల్టెన్సీ నంబరో వెతుకుతాడా? పక్కింటి అబ్బాయికి వచ్చిన ప్యాకేజీ కూడా వాడికి చెప్పానని రాశారు. అది ఎందుకు చెప్పారో నాకు అర్థం కాలేదు.

అన్నీ చేసినా అక్కడ ఉద్యోగం రాకపోవచ్చు. రాకపోతే తిరిగి వస్తాడు. ఎన్నో విదేశీ సంస్థలు హైదరాబాద్‌లోనే సొంత కేంద్రాలు నడుపుతున్నాయి, అక్కడా అడిగేది ఆ ముప్పావు పేజీ గురించే. ‘వచ్చెయ్, ఫరవాలేదు’ అన్న మాట మీ నోట ఒకసారి వింటే వాడు తప్పుడు రెజ్యూమే జోలికి వెళ్ళడు.

అప్పు దిగులు మీది కాబట్టి దాని పని మీరు చూడండి. ఈ వారం బ్యాంకుకు వెళ్ళి, వాయిదాలు ఎప్పటినుంచి మొదలవుతాయో కాగితం మీద రాయించుకోండి. చదువు కాలంలోనే వడ్డీ కట్టేస్తుంటే కొన్ని బ్యాంకులు వడ్డీరేటు కొంత తగ్గిస్తాయి, అదీ అడగండి. అప్పు మీ పేరు మీద ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే ఆదాయపు పన్నులో ఆ వడ్డీకి మినహాయింపు వస్తుంది. ఫోను ఆదివారం చేయండి. ప్రాజెక్టు దేని గురించో అడగండి, అర్థం కాకపోయినా వినండి.