మూత బిగించే ముందు ఒక్కమాట

చిన్నా,

స్టౌట్ అనే నల్లటి చిక్కటి బీరు కాచి సీసాల్లో రెండేళ్లు దాస్తావట, మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. దేనికీ వారం కూడా ఆగలేనివాడివి, రెండేళ్లు ఆగుతానంటుంటే గర్వంగా అనిపించింది. తర్వాత రాత్రంతా నిద్రపట్టలేదు.

సీసాలు కడగడం, శానిటైజర్ పెట్టడం నీకు తెలుసు. గోధుమరంగు సీసాలే వాడు, పచ్చవాటిలో వెలుతురు తగిలి హాప్స్, అదే బీరుకు చేదిచ్చే పూలు, కంపు కొడతాయి. గొట్టం అడుగుదాకా దించి నురగ రాకుండా నింపు. అప్పుడు గాలి కలిస్తే ఏడాది తిరిగేసరికి తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. 10 నుంచి 13 డిగ్రీల చల్లటి చీకట్లో నిలబెట్టి ఉంచు.

ఇక నా గుండెల్లో ఉన్న సంగతి.

అప్పటికి నాలుగైదుసార్లు కాచాను, అంతా వచ్చేసిందనుకున్నాను. చలికాలం. గ్రావిటీ అంటే నీళ్లతో పోలిస్తే బీరు ఎంత చిక్కనో చెప్పే అంకె, చక్కెర పులిసేకొద్దీ దిగుతుంది. 1.095 దగ్గర మొదలైన స్టౌట్ 1.030 దగ్గర ఆగింది. వరసగా మూడు రోజులు ఆ అంకె చూపే హైడ్రోమీటర్ ముంచాను, అదే అంకె. పులియడం అయిపోయిందని నమ్మాను. అవలేదురా, చక్కెరను పులియబెట్టే ఈస్ట్ చలికి ముడుచుకుని పడుకుంది. అది 1.022 దాకా దిగాల్సిన బీరు. దాని మీద గ్యాసు కోసం చక్కెర కూడా కలిపి మూతలు బిగించాను.

లెక్క చూడు. లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే, బీరు ఎంతుందో దాదాపు అంత గ్యాసు పుడుతుంది. గ్రావిటీ రెండు పాయింట్లు, అంటే 0.002, దిగినా అంతే. నా సీసాల్లో ఎనిమిది పాయింట్ల తీపి మిగిలే ఉంది. గ్యాసు మూడింతలు దాటితే మామూలు బీరు సీసాను నమ్మకూడదు.

ఎండలు ముదిరాక గది వేడెక్కింది, ఈస్ట్ లేచింది. ఒక అర్ధరాత్రి టపాసు పేలినట్టు చప్పుడు. నేను లేచేలోపు ఇంకోటి. తెల్లారి చూస్తే నేలంతా నల్లటి జిగురు, గదినిండా మాడిన మాల్ట్, అదే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, వాసన. అలమారకు ఎదురుగా చెక్క తలుపులో, నా నడుముకు కాస్త కింద, గోరంత గాజుముక్క దిగబడి ఉంది. పటకారుతో లాగినా రాలేదు.

నీకప్పుడు మూడేళ్లు. ముందురోజు సాయంత్రమంతా ఆ అలమార ముందే బంతి దొర్లించుకుంటూ ఆడావు. ఆ గాజుముక్క సరిగ్గా నీ ముఖం ఎత్తులో ఉంది. ఈ మాట మీ అమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు.

అందుకని తొందరపడ్డావో ఊరుకోను. ఫెర్మెంటర్‌లోంచి, అదే బీరు పులిసే పెద్ద పాత్రలోంచి, ఒక గ్లాసు బీరు తీసి, తాజా ఈస్ట్ దండిగా వేసి, వెచ్చటి చోట పెట్టి రోజూ కలుపు. వారంలో అది ఎంతకు దిగితే నీ బీరూ అంతకు దిగగలదు. పెద్ద పాత్రలోది ఇంకా పైనే ఉంటే సీసాల జోలికి పోకు. కాస్త వెచ్చబెట్టు, కొత్త ఈస్ట్ వెయ్యి, ఆగు. స్టౌట్‌కు లీటరుకు 4, 5 గ్రాముల చక్కెర చాలు. చెంచాతో సీసా సీసాకూ వేయకు. తూచి, నీళ్లలో మరిగించి, మొత్తంలో కలుపు. నెలల తరబడి పాత్రలో నిలవున్న బీరైతే ఈస్ట్ అలిసిపోయి ఉంటుంది, సీసాల్లో పోసేరోజు చిటికెడు కొత్తది వెయ్యి.

ఒక్కటి మాత్రం ప్లాస్టిక్ సోడా సీసాలో నింపు. వారానికోసారి నొక్కి చూడు. రాయిలా బిగిసిపోతే మిగతావన్నీ చల్లబరిచి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, మందపాటి తువ్వాలు కప్పి ఒక్కొక్కటీ మూత సడలించు. సీసాలు మూతున్న గట్టి డబ్బాల్లోనే పెట్టు, పిల్లలు తిరిగే గదిలో వద్దు.

మూడు నెలలకొకటి తెరిచి రుచి రాసుకో. మొదట మాడు చేదు నాలుకను గీరుతుంది. హాప్స్ వాసన ముందే పోతుంది, దానికి బెంగపడకు. ఏడాదికి ఆ చేదు మెత్తబడి ఎండుద్రాక్ష రుచి తేలుతుంది. అది మొదటిసారి నాలుకకు తగిలిన రోజు నేను చాలాసేపు గ్లాసు కింద పెట్టలేదు. నీకూ ఆ రోజు రావాలి.

మొదటి సీసా నేను వచ్చాకే తెరువు. మూత నేను తీస్తాను, నువ్వు కాస్త వెనక నిలబడు.

మీ బాబాయి